నడుము పోయిన చోటు

"నడుము ఇంట్లో పట్టేసిందని చెప్పు తల్లీ. ఇంట్లో అయితే ఎవరూ ఏమీ అడగరు" అంది మేట్రనమ్మ.

నేను బట్టల గదిలో దుప్పట్లు మడతపెడుతున్నాను. తిన్నగా నిలబడితే నడుములో గునపం దించినట్టు ఉంటోంది కనుక, గోడకు ఒక భుజం ఆనించి, గాలివానకు ఒరిగిన కరెంటు స్తంభంలా నిలబడి మడతపెడుతున్నాను. ఆవిడ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి ఆ మాట చెప్పింది. మా వృద్ధాశ్రమంలో ఆవిడ గొంతు తగ్గిందంటే పెద్దవాళ్లలో ఎవరైనా పోయి ఉండాలి, లేకపోతే పనివాళ్లలో ఎవరికైనా దెబ్బ తగిలి ఉండాలి. పోయిన సంగతి సాయంత్రానికల్లా అందరికీ చెబుతుంది. దెబ్బ సంగతి ఎప్పటికీ చెప్పదు.

ఎందుకు చెప్పదో ముందు హాల్లోకి వెళ్లి గోడకేసి చూస్తే తెలుస్తుంది. అక్కడ అద్దాల పెట్టెలో ఒక షీల్డు ఉంది. 'ప్రమాదరహిత సేవాసంస్థ' అని బంగారు రంగు అక్షరాలు. పెద్దవాళ్లను చూసుకునే సంస్థలన్నిటిలో ఎక్కడ పనివాళ్లకు దెబ్బలు తగలలేదో వాళ్లకు పై ఆఫీసు వాళ్లు ఏటా ఇస్తారు. ఏటా మాకే వస్తోంది. దెబ్బలు తగలక కాదు, తగిలినవన్నీ మేం ఇంటికి పట్టుకుపోతాం కనుక. వంటామె చేతి మీద ఇక్కడ మరిగే నీళ్లు ఒలికితే, చెయ్యి ఇంట్లో కాలింది. బట్టలుతికే ఆమె వేలు ఇక్కడి మెషిన్ మూత కింద నలిగితే, ఇంట్లో తలుపు సందున పడి నలిగింది. రాత్రి డ్యూటీ పిల్ల ఇక్కడి మెట్ల మీద నుంచి దొర్లితే, వాళ్లింటి మెట్ల మీద నుంచి దొర్లింది. ఆ పిల్ల ఉండేది ఒంటిగది ఇల్లు, గుమ్మం దిగితే వీధి. మెట్లన్నవే లేవు. మేట్రనమ్మ కూడా తన మడమ బెణికినప్పుడు ఇంట్లోనే బెణికిందని చెప్పుకుంది. ఆవిడ ఇల్లంటే ఈ ఆశ్రమం పైగదే. కుంటుకుంటూ పైకెక్కి, తన ఇంట్లో గాయపడి, మళ్లీ కుంటుకుంటూ కిందికి దిగివచ్చింది పాపం.

ఇల్లు ఎంత పనికొచ్చే చోటో నాకు ఇక్కడ చేరాకే తెలిసింది. ఎక్కడి చెత్తనైనా తీసుకెళ్లి అక్కడ పోయొచ్చు. ఇల్లు నోరెత్తదు. ఇంట్లో ఆడదానికి నడుము పోతే ఏ ఆఫీసూ సంజాయిషీ అడగదు, ఎవరి షీల్డూ ఊడిపోదు. మొగుడు మాత్రం కాఫీ ఆలస్యమైందేమని అడుగుతాడు.

నా నడుము పోయిన రోజు మా ఆశ్రమంలో భద్రత క్లాసు. పై ఆఫీసు నుంచి ఒక మాస్టారు వచ్చాడు. ఆయనతో పాటు మనిషంత బొమ్మ ఒకటి వచ్చింది. లోపల దూదో గాలో ఏదో కూరినట్టున్నారు, చంకన పెట్టుకుని తెచ్చాడు. మంచం పట్టిన మనిషిని ఎలా ఎత్తాలి, మోకాళ్లు ఎక్కడ వంచాలి, నడుము ఎలా నిలపాలి, ఇవన్నీ ఆ బొమ్మ మీద నేర్పుతారు. ఒంటరిగా ఎవరూ ఎవరినీ ఎత్తకూడదు, ఇద్దరు ఉండి తీరాలి, అది రూలు. క్లాసుకు అందరూ రావాలన్నారు. అందరూ వెళ్లారు. అందరూ వెళ్తే ముసలివాళ్లను ఎవరు చూస్తారన్న ఆలోచన మేట్రనమ్మకు హాలు గుమ్మం దగ్గర వచ్చింది. వెనక్కి తిరిగి చూసింది. వెనక నేనున్నాను. లైట్లు ఆర్పో తలుపులు వేసో రావడం నాకు అలవాటు కాబట్టి నేనెప్పుడూ వెనకే ఉంటాను. "నీకెలాగూ వచ్చిన పనేగా, నువ్వుండిపో. నీ హాజరు నేను వేయిస్తాలే" అంది.

అప్పుడే తూకం తాత పిలిచాడు. ఆయన బతుకంతా ధాన్యం మిల్లులో కాటా పక్కన నిలబడి బస్తాలు తూచిన మనిషి. మా దగ్గరున్న వాళ్లందరిలోకీ భారీ మనిషి, ఆ భారీతనానికి సిగ్గుపడే మనిషి. ఎత్తబోయే ముందు తన బరువెంతో తనే చెప్పి క్షమించమంటాడు.

"రెండో అమ్మాయి ఏదమ్మా?" అన్నాడు.

"ఇద్దరు కలిసి ఎలా ఎత్తాలో నేర్చుకుంటోంది తాతా. కాసేపు ఆగగలవా?"

"ఈ వయసులో ఆగితే ప్రాణం ఆగుతుంది గానీ మిగతావేవీ ఆగవమ్మా" అన్నాడు.

హాల్లో బొమ్మను ఇద్దరు ఎత్తారు. బాత్‌రూములో తాతను నేనొక్కదాన్నే ఎత్తాను. హాల్లో చప్పట్లు కొట్టారు. నా నడుములో ఏదో పుటుక్కుమంది, అది ఆ చప్పట్లలో కలిసిపోయింది. తాతను మాత్రం పడనివ్వలేదు. గోడనున్న పైపు పట్టుకుని, ఆయన్ను గోడకు నొక్కిపెట్టి అలాగే నిలబడ్డాను. "మా మిల్లులో బస్తాను వీపుకెక్కించడానికి ఇటొకడు అటొకడు ఉండేవారమ్మా" అన్నాడు ఆయన, నా చెవి పక్కన, తప్పు తనదే అన్నట్టు. సాయంత్రం క్లాసు ముగిశాక సురక్షితంగా ఎత్తడంలో శిక్షణ పొందానని నాకూ ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. నడుము వంగిపోయి, తల దించుకుని, రెండు చేతులూ చాచి అందుకుంటే, "ఎంత వినయమో చూడండి" అన్నాడు మాస్టారు అందరితో. మళ్లీ చప్పట్లు.

క్లాసు రోజే ప్రమాదం జరిగిందంటే పరువేమైనా ఉంటుందా అని మేట్రనమ్మ బాధ. ఆవిడ చెడ్డది కాదు. ఆ షీల్డు పోతే పైవాళ్లు ముందు ఆవిణ్నే అంటారు. నా బాధ వేరు. ఆసుపత్రిలో డాక్టరు ఫొటో తీయించి, వెలుతురుకేసి పట్టుకుని చూసి, కొన్నాళ్లు పూర్తిగా కూర్చోమన్నాడు. "మళ్లీ ఒంటరిగా ఎవరినైనా ఎత్తారో, ఆ తర్వాత మిమ్మల్ని ఎత్తడానికి మనుషులు కావాలి" అన్నాడు. నవ్వుతూ అనలేదు. పనిలో పోయిన నడుమైతే పనిచ్చినవాళ్లు కూర్చోబెట్టాలి, జీతంతో. ఇంట్లో పోయిన నడుమైతే ఇంట్లోవాళ్లు కూర్చోబెట్టాలి. నాకున్న సెలవులన్నీ అత్తయ్య తుంటి విరిగినప్పుడే అయిపోయాయి. కాబట్టి నన్ను ఎవరు కూర్చోబెడతారన్నదే ఇప్పుడు తేలవలసింది.

ఇంట్లో కూర్చోబెడతారా అంటే, మా ఇంట్లో నడుము నొప్పి మా ఆయనది. పెళ్లయిన కొత్తలోనే ఆ స్థానం ఆయన తీసేసుకున్నాడు. బ్యాంకులో కౌంటరు వెనక పొద్దస్తమానం కూర్చుంటాడు. "కూర్చుని కూర్చుని నడుము లాగేస్తోందే" అంటూ ఇంటికొచ్చి పడుకుంటాడు. మందు రాసేది నేను. నాకు నడుము పోయిందని చెప్పిన రోజు, ఆయన నా వంక తన కుర్చీలో వేరెవరో కూర్చున్నట్టు చూశాడు. "నీకెందుకు పోతుంది? నువ్వు రోజంతా నడుస్తూనే ఉంటావుగా" అన్నాడు. "మందు అదే డబ్బాలో ఉంది, రాసుకో" అన్నాడు. వీపు మీద తనకు తను మందు రాసుకోవడం ఎలాగో ఏ క్లాసులోనూ చెప్పలేదు.

ఇక అత్తయ్య. ఆవిడ నోరు నడుస్తుంది, కాళ్లే నడవవు. ముందుగదిలో కిటికీ పక్కన మంచం. పొద్దున నేను డ్యూటీకి వెళ్లే ముందు ఎత్తాలి, వచ్చాక ఎత్తాలి, మధ్యలో పక్కింటావిడ వచ్చి ఏదో చూస్తుంది. తుంటి విరిగాక ఆవిణ్ని తీసుకొచ్చిన మొదటి వారంలో, "అత్తయ్యను చూడ్డానికి ఒక మనిషిని పెడదామండీ" అన్నాను. మా ఆయన ఆశ్చర్యపోయాడు. "నువ్వున్నావుగా. అక్కడ ఊరందరి ముసలాళ్లనూ ఎత్తుతావు, ఇంట్లో ఒక్క మనిషి బరువా? అక్కడ ఎత్తితే జీతం, ఇక్కడ ఎత్తితే పుణ్యం" అన్నాడు. ఆడపడుచు ఫోనులో ఇంకా తేలిగ్గా తేల్చేసింది. "వదినది అదే లైను కదా అన్నయ్యా. మనకైతే చేతకాదు, తనకు ట్రైనింగ్ ఉంది." ట్రైనింగ్ ఉన్నవాళ్ల ఎముకలు వేరే ఏదో సరుకుతో చేస్తారని మా వాళ్ల నమ్మకం. దర్జీ పెళ్లాన్ని ఊరంతా జాకెట్లు ఊరికే కుట్టమన్నట్టు ఉంటుంది నా పని. పైగా దర్జీ పెళ్లానికైనా సూది విరిగితే కొత్త సూది దొరుకుతుంది.

సరే, మేట్రనమ్మ చెప్పినట్టే చెప్పాను. ఇంట్లో, బాత్‌రూములో, తడినేల మీద కాలు జారింది, నడుము పట్టేసింది. అంతటితో ఆ సంగతి ముగిసిపోవలసింది. అందరి సంగతీ అలాగే ముగిసింది ఇన్నాళ్లూ. అయితే ఈసారి షీల్డు ఇచ్చే ముందు, భద్రత కార్యక్రమం ఎలా నడుస్తోందో చూసి రమ్మని పై ఆఫీసు వాళ్లు ఒకావిణ్ని పంపారు. రాత్రి డ్యూటీ పిల్ల ఆవిడకు వచ్చిన పూటే సమీక్షమ్మ అని పేరు పెట్టింది.

సమీక్షమ్మ పొట్టి మనిషి. దళసరి అద్దాలు. నవ్వదు, కసరదు. చెప్పింది చెప్పినట్టు నమ్ముతుంది. అంతకంటే ప్రమాదం ఏముంటుంది? బాత్‌రూముల్లో పట్టుకునే కడ్డీలను లాగి చూసింది. మంటలార్పే సిలిండరు బరువు చూసింది. తూకం తాత మంచం దగ్గర నిలబడి, "మిమ్మల్ని ఎత్తేటప్పుడు ఎంతమంది ఉంటారు పెద్దాయనా?" అని అడిగింది. తాత నా వంక చూశాడు, మేట్రనమ్మ వంక చూశాడు. "నాతో కలిపి ఇద్దరమమ్మా" అన్నాడు. ఆవిడ సరేనని ముందుకెళ్లింది.

తర్వాత ఒక్కొక్కరినీ ఆఫీసు గదిలోకి పిలిచింది. నన్ను కూర్చోమంది. కూర్చుంటే లేవడం ఆలస్యమవుతుందని నిలబడ్డాను.

"ఇంట్లో పడ్డారా?"

"అవునండీ."

"బాత్‌రూములో?"

"అవునండీ."

ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుంది. "తల్లీ, నన్ను పరాయిదాన్ని అనుకోకండి. మీ ఆయన ఎలాంటి మనిషి? కోపిష్ఠా?"

ఆవిడ ఏం అడుగుతోందో నాకు ఎక్కలేదు. కాసేపు ఆలోచించి నిజమే చెప్పాను. "కాదండీ. బద్ధకస్తుడు."

ఆవిడ అదీ రాసుకుంది.

మర్నాడు అందర్నీ హాల్లోకి పిలిచింది. షీల్డు కింద నిలబడి మాట్లాడింది. "నేను చాలా చోట్లు చూశాను. ఇంత భద్రమైన చోటు చూడలేదు. ఇక్కడ ఎవరి గోరు కూడా విరగలేదు" అంది. మేట్రనమ్మ మొహం వెలిగింది. "కానీ ఇక్కడినుంచి ఇంటికెళ్లిన మనిషి క్షేమంగా వెనక్కి రావడం లేదు" అంది ఆవిడ. "కాళ్లు, చేతులు, వేళ్లు, నడుములు, అన్నీ ఇళ్లలోనే పోతున్నాయి. ఇంతమంది ఆడవాళ్లు ఇంతింత ప్రమాదకరమైన ఇళ్లలో ఎలా బతుకుతున్నారో తలుచుకుంటే నాకు రాత్రి నిద్రపట్టలేదు. ఈ కార్యక్రమం పనిచోటు కోసం కాదు, పనిచేసే మనుషుల కోసం. నేను మీ ఇళ్లు చూడాలి."

 రాత్రి డ్యూటీ పిల్ల నా చెవి దగ్గరకొచ్చి, "అక్కా, ఇప్పటికిప్పుడు నేను మెట్లు ఎక్కణ్నుంచి తేను?" అంది. మేట్రనమ్మ ఒకసారి పైకప్పుకేసి చూసింది, ఆవిడ ఇల్లు అక్కడే ఉంది కనుక.

మొదట మా ఇల్లే చూస్తానంది సమీక్షమ్మ. అందరిలోకీ నేనే ఎక్కువ వంగి ఉన్నాను మరి. "మా పిల్ల భయస్తురాలండీ, తోడుగా నేనూ వస్తాను" అంది మేట్రనమ్మ.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా ఆయన పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు.

"నా ఇంటికి తనిఖీనా? ఏం చెప్పావు వాళ్లకు?"

"నడుము ఇంట్లో పోయిందని."

"నా ఇంట్లోనా?"

"మనకున్నది ఒక్కటే ఇల్లు కదండీ."

"అంటే నేను చెయ్యిచేసుకున్నానని అనుకోరూ?"

"అదీ అడిగారు."

"నువ్వేమన్నావ్?"

"బద్ధకస్తుడని చెప్పాను."

ఆయన నావంక చాలాసేపు చూశాడు. కొట్టాడని చెప్పి ఉంటే కాదని వాదించుకునే వీలైనా ఉండేది అన్నట్టు చూశాడు.

ఆదివారం పొద్దున మా ఇల్లు కడిగారు. కడిగారంటే నేను కడిగాను. నా నడుము ఎలా పోయిందో చూడ్డానికి మనుషులొస్తున్నారు కాబట్టి ఆ నడుముతో ఇల్లంతా కడగవలసి వచ్చింది. మా ఆయన వెనకాలే తిరుగుతూ, "ఆ మూల చూడు, ఈ మూల చూడు" అన్నాడు. చివరికి పౌరుషం వచ్చి, బాత్‌రూము తనే తోముతానన్నాడు. "బ్రష్ ఎక్కడుంటుంది?" అని అరిచాడు. "ఎప్పుడూ ఉండేచోటే" అన్నాను. కాసేపు వెతికిన చప్పుడు వినిపించింది. ఎప్పుడూ ఉండేచోటు అనేది ఎప్పుడూ వెళ్లే మనుషులకే తెలుస్తుంది. తర్వాత బయటికొచ్చి, బాత్‌రూము శుభ్రంగానే ఉందని ప్రకటించి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

వాళ్లొచ్చారు. ముందుగదిలో మాకు కుర్చీలు మూడే. ఒకదాంట్లో సమీక్షమ్మ, ఒకదాంట్లో మేట్రనమ్మ, ఒకదాంట్లో మా ఆయన కూర్చున్నారు. అత్తయ్య మంచం మీద దిండ్లకు ఆనుకుని, పెళ్లివారిని చూసినట్టు అందరినీ చూస్తోంది. నేను టీ కప్పులున్న పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"బాత్‌రూము చూసొచ్చాను" అంది సమీక్షమ్మ. "నేల గరుగ్గానే ఉంది. తడి లేదు. ఎలా జారారు?"

"ఆ రోజు తడి ఉందటండీ" అంది మేట్రనమ్మ నాకంటే ముందు.

"ఎవరింట్లో తడి?" అంది అత్తయ్య మంచం మీద నుంచి.

"ఇక్కడేనండి పెద్దమ్మగారూ, మీ ఇంట్లోనే."

"మా ఇంట్లో బాత్‌రూములో తడి నిలవదు. నా కోడలు తుడిచిందంటే మొహం చూసుకోవచ్చు. నేను కాపరానికొచ్చిన నాటినుంచి ఈ ఇంట్లో జారిపడ్డవాళ్లు లేరు."

అత్తయ్య నన్ను మెచ్చుకోగా వినడం అదే మొదలు. నా నడుము పోయిన పుణ్యాన అదొకటి దక్కింది.

"మరి మీ తుంటి ఎలా విరిగింది పెద్దమ్మా?" అని అడిగింది సమీక్షమ్మ.

"అది ఇక్కడ కాదు. మా అమ్మాయి ఇంట్లో."

"చెల్లాయి వాళ్లింట్లో కాదు, వాళ్ల గుమ్మం బయట" అన్నాడు మా ఆయన. "చెల్లాయి అలాగే చెప్పింది. గుమ్మం దాటాక పడిందట."

కూతురింటి గుమ్మం దాటాక పడినందువల్లే ఆవిడ నా చేతుల మీదికొచ్చింది.  మా ఆయన గొంతు సవరించుకుని అసలు విషయానికొచ్చాడు. "చూడండి మేడమ్, మాది పరువుగల ఇల్లు. పనిచోట జరిగింది తెచ్చి మా ఇంటి మీద పెట్టడం బాగోలేదు. మా ఆవిడ నడుము మీ ఆశ్రమంలోనే పోయింది."

"మా దగ్గరా?" అంది మేట్రనమ్మ, ఆవిడ గొంతు ఈసారి తగ్గలేదు. "మా దగ్గర రూలుందండీ. ఇద్దరు లేకుండా దిండు కూడా ఎత్తం. ఇక్కడ మీ అమ్మగారిని పొద్దునా సాయంత్రం ఎత్తుతోంది ఎవరు? ఒక్కతే కదూ? అలా ఎత్తితే పోకేం చేస్తుంది నడుము?"

"ఒక ఆడమనిషిని ఎత్తితే పోయిందంటారా, మీ దగ్గర ఇంతమందిని ఎత్తితే పోలేదు గానీ?"

"నేను బరువు లేను" అంది అత్తయ్య. "నాలో ఏముంది, ఎముకలు తప్ప."

చిన్నప్పుడు మా ఊరికీ పక్క ఊరికీ మధ్య పొలిమేర మీద ఒక గేదె చచ్చిపడింది. ఎవరిదో తెలీదు. దాన్ని తీసి పారేయవలసింది ఏ ఊరివాళ్లన్న దగ్గర తగువు పడింది. మా ఊరి పెద్దలు దాని తల అటువైపుంది కాబట్టి వాళ్లదన్నారు. వాళ్లు తోక ఇటువైపుంది కాబట్టి మాదన్నారు. తాళ్లేసి కొలిచారు. ఒకరినొకరు తాతల నాటినుంచి తవ్వుకుని తిట్టుకున్నారు. గేదె మాత్రం ఎండలో అలాగే ఉంది. బతికుండగా అది రెండు ఊళ్ల పొలాల్లోనూ మేసే ఉంటుంది, రెండు ఊళ్లకూ పాలిచ్చే ఉంటుంది, అప్పుడు మాదంటే మాదని అనే ఉంటారు. పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి నా నడుము గురించి వాళ్ల తగువు వింటుంటే నాకు ఆ గేదె గుర్తుకొచ్చి నవ్వొచ్చింది. నవ్వితే నడుము కలుక్కుమంది. కప్పులు గలగలలాడాయి. "జాగ్రత్త, టీ ఒలుకుతుంది" అన్నాడు మా ఆయన.

సమీక్షమ్మ అందరి మాటా విన్నది. తలాడించలేదు. మా ఆయనవైపు తిరిగి, "ఇక్కడ అమ్మగారిని ఎత్తేటప్పుడు రెండో మనిషి ఎవరండీ?" అంది.

"నేనున్నానుగా."

"ఎక్కడుంటారు?"

"పక్క గదిలో. పిలిస్తే వినపడే దూరమే."

"పిలిస్తే వస్తారా?"

"తను పిలవదుగా."

"పిలిస్తే 'ఆఁ, వస్తున్నా' అంటాడు" అంది అత్తయ్య. "అక్కడితో అయిపోతుంది. చిన్నప్పటినుంచీ అంతే. వాళ్ల నాన్నా అంతే."

మా ఆయన నా పళ్లెంలోంచి ఒక కప్పు అందుకుని తాగి, ఖాళీ కప్పు మళ్లీ అందులోనే పెట్టాడు. మేట్రనమ్మ మొహంలో గెలుపు కనబడింది. సమీక్షమ్మ ఆవిడవైపు తిరిగింది.

"మరి మీ దగ్గర ఆ రోజు రెండో మనిషి ఎవరు?"

"ఆ రోజు అందరూ క్లాసులో ఉన్నారు కదండీ" అంది మేట్రనమ్మ ఆ గెలుపు ఊపులోనే. "ఒకరికిద్దరు కలిసి ఎలా ఎత్తాలో నేర్చుకుంటున్నారు."

అనేశాక ఆవిడ చెయ్యి నోటిదాకా వెళ్లింది గానీ మాట అప్పటికే మంచం దాటి కిటికీ దగ్గరికి చేరింది.  సమీక్షమ్మ నావంక చూసింది. మొట్టమొదటిసారి ఆవిడ అద్దాల వెనక కళ్లు ఎలా ఉంటాయో కనబడింది. బాగా అలిసిపోయిన కళ్లు.

"మీరు చెప్పండమ్మా. ఎక్కడ?"

సరిగ్గా అప్పుడే అత్తయ్య మంచం పట్టె మీద కొట్టింది. "మీ పంచాయతీ తర్వాత చూసుకోండి. నేను బాత్‌రూముకు వెళ్లాలి."

అందరూ నావైపు తిరిగారు. మా ఆయన, మేట్రనమ్మ, చివరికి సమీక్షమ్మ కూడా. ఆవిడా అలవాటు కొద్దీ తిరిగింది, తిరిగాక ఏదో తట్టినట్టు కళ్లు దించుకుంది. మా ఆయన నాకు దారివ్వడానికి కుర్చీలోంచి లేచి, మర్యాదగా పక్కకు జరిగాడు. "ఊఁ, వెళ్లు" అన్నాడు. మనుషుల ముందు కాబట్టి మెల్లగానే అన్నాడు.

నా చేతులు ముందుకు కదిలాయి. పళ్లెం పక్కన పెట్టబోయాయి. నేను చెప్పకుండానే కదిలాయి, ఇన్నాళ్లుగా వాటికి ఎవరూ చెప్పవలసిన అవసరం రాలేదు. పిలిస్తే వెళ్లడం, పిలవకముందే వెళ్లడం, ఎత్తడం, పడనివ్వకపోవడం. అత్తయ్య మొహంలోకి చూశాను. ఆవిడకు తొందర నిజమే. ఆవిడ తప్పేమీ లేదు, తూకం తాత తప్పూ లేదు. వాళ్లిద్దరూ నన్ను ఎత్తమన్నారే గానీ ఒక్కదాన్నే ఎత్తమనలేదు. డాక్టరు నవ్వకుండా అన్న మాట గుర్తొచ్చింది. నేను మంచాన పడితే ఆ మంచం ఎవరిదన్న దగ్గర కూడా ఇలాగే తగువు పడుతుంది. ఆశ్రమం గుమ్మం ఇవతల పడ్డానా, ఇంటి గుమ్మం అవతల పడ్డానా అని తాళ్లేసి కొలుస్తారు.

టీ పళ్లెం మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఏమిటో తెలీకుండానే పట్టుకున్నాడు. ఆయన ఖాళీ చేసిన కుర్చీలో మెల్లగా, ఒక చేత్తో ఒక పక్క ఆనుకుంటూ కూర్చున్నాను. వెనక్కి జరిగి నడుము పూర్తిగా ఆనించాను. కుర్చీకి వెనకభాగం ఎందుకుంటుందో అప్పుడు తెలిసింది.

"తాతను ఎత్తేటప్పుడు అక్కడ పుటుక్కుమంది" అని సమీక్షమ్మకు చెప్పాను. "ఆ సాయంత్రమే ఇక్కడ అత్తయ్యను ఎత్తాను, మిగిలింది పోయింది. సగం సగం. ఎవరి సగం వాళ్లు రాసుకోండి."

మేట్రనమ్మ తలవంచుకుంది. సమీక్షమ్మ కలం తీసింది.

"సరే, రాసుకుంటారులే, ముందు అమ్మను లేపు" అన్నాడు మా ఆయన పళ్లెంతో.

"ఎవరో ఒకరు రండి" అంది అత్తయ్య.

"వస్తాను అత్తయ్యా, రానని అనడం లేదు" అన్నాను, కుర్చీలోంచే. "కానీ ఇవాళ్టినుంచి, అక్కడైనా ఇక్కడైనా, నేను రెండో మనిషిని. మొదటి మనిషి ఎవరో వీళ్లను తేల్చుకోమనండి."